వార్సా: కాగితాల్లో బతికిన నగరం



వార్సా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది బడిలో చదువుకున్న వార్సా ఒప్పందం. సోవియట్ యూనియన్, దాని వెంట నడిచిన తూర్పు యూరప్ దేశాలు నాటోకు పోటీగా 1955లో కుదుర్చుకున్న సైనిక ఒప్పందం అది. సంవత్సరం బట్టీపట్టి, మార్కు తెచ్చుకుని, ఆ ఊరిని అక్కడితో వదిలేశాం. ఆ సంతకాలు జరిగేనాటికి అక్కడ సగం ఊరు ఇంకా కడుతూనే ఉన్నారని, అంతకు పదేళ్ళ కిందట నది ఎడమ ఒడ్డున మనుషులు కాపురముండే ఊరే లేదని మన పాఠంలో లేదు. ఆ పాఠంలో లేని కథ ఇవాళ చెప్పుకుందాం. పోలండ్ రాజధాని ఎలా కూలింది, తిరిగి ఎలా లేచింది, లేచినప్పుడు ఏది లేచింది, ఏది లేవలేదు, ఇదీ ఇవాళ్టి ప్రసంగం.

ముందు ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. పోలండ్ దేశం మధ్యగా పారి ఉత్తరాన బాల్టిక్ సముద్రంలో కలిసే నది విస్తులా. దాని ఎడమ గట్టు ఎత్తుగా ఉంటుంది. పాత వార్సా వెలిసింది ఆ ఎత్తు మీదే. కుడి గట్టున ప్రాగా అనే పేట. మొదట్లో రాజధాని వార్సా కాదు, దక్షిణాన ఉన్న క్రాకోవ్. 1569లో పోలండ్, లిథువేనియా ఒకే రాజ్యంగా కలిశాయి. ఉమ్మడి పార్లమెంటుకు రెండు దేశాల వాళ్ళకూ అందుబాటులో ఉండే ఊరు కావలసి వచ్చింది. వార్సాకు అలా దశ తిరిగింది. 1596 తర్వాత మూడో సిగిస్మండ్ రాజు కొలువు కూడా ఇక్కడికే మారింది. ఆయన కొడుకు 1644లో కోట ముందు ఒక ఎత్తైన స్తంభం నిలబెట్టి, దాని మీద తండ్రి విగ్రహం పెట్టించాడు. ఒక చేత శిలువ, ఒక చేత కత్తి. ఆ స్తంభాన్ని గుర్తుంచుకోండి.

పోలండ్ చాలావరకు మైదానం. తూర్పున రష్యా, పడమట జర్మన్ రాజ్యాలు, మధ్యలో అడ్డంగా ఒక కొండైనా లేదు. కాబట్టి సైన్యాలు వస్తూ పోతూనే ఉన్నాయి. 1655లో స్వీడన్ సేనలు వచ్చి దోచుకుపోయాయి. 1791 మే 3న, చివరి రాజు స్తనిస్లావ్ ఆగస్ట్ పొన్యతోవ్‌స్కీ కాలంలో, ఇదే ఊరి రాజకోటలో పోలండ్ లిఖిత రాజ్యాంగాన్ని ఆమోదించుకుంది. ఫ్రాన్సు కంటే కొన్ని నెలలు ముందే. ఐదేళ్ళు తిరక్కుండానే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దేశాన్ని మూడు ముక్కలుగా పంచుకున్నాయి. 1795 నుంచి 1918 దాకా, 123 ఏళ్ళపాటు, స్వతంత్ర పోలండ్ అనేది పటంలో లేదు. 1830లో ఒకసారి, 1863లో మరోసారి జనం రష్యా చక్రవర్తి మీద తిరగబడ్డారు. రెండుసార్లూ అణిచివేత తప్పలేదు.

ఆ చివరి రాజు రాజ్యాన్ని నిలబెట్టుకోలేకపోయాడు గానీ తనకు తెలియకుండానే ఊరికి ఒక మేలు చేశాడు. ఇటలీ నుంచి వచ్చిన బెర్నార్దో బెల్లొట్టో అనే చిత్రకారుణ్ణి ఆస్థానంలో పెట్టుకున్నాడు. వెనిస్ దృశ్యాలతో పేరు పొందిన కనాలెట్టోకు ఈయన మేనల్లుడు. మేనమామ పేరుతోనే చలామణీ అయ్యాడు. 1770 నుంచి 1780లో చనిపోయేదాకా వార్సా వీధులను వరసగా నూనె రంగుల్లో గీశాడు. ఏ మేడకు ఎన్ని కిటికీలు, ఏ తలుపు మీద ఏ చెక్కడం, ఏ వాకిట్లో ఎవరు గుర్రపు బండి దిగుతున్నారు, అన్నీ ఆ పటాల్లో కనిపిస్తాయి. రాజుగారికి అవి కోటలో ఒక గదికి అలంకారం. నూట డెబ్బై ఏళ్ళ తర్వాత తాపీ మేస్త్రీలు వాటిని చూసి గోడలు కడతారని ఆయనకు గానీ, గీసిన వాడికి గానీ తోచి ఉండదు.

ఇక 1939కి వద్దాం. అప్పటికి వార్సా జనాభా దాదాపు 13 లక్షలు. అందులో సుమారు మూడోవంతు యూదులు. యూరప్‌లో అంత పెద్ద యూదు జనాభా ఉన్న నగరం మరొకటి లేదు. సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద పడింది. వారం రోజుల్లో జర్మన్ ట్యాంకులు వార్సా పొలిమేరకు చేరాయి. ప్రభుత్వం ఊరు విడిచింది. నగర మేయరు స్తెఫాన్ స్తాజిన్‌స్కీ మాత్రం కదల్లేదు. రోజూ రేడియోలో మాట్లాడేవాడు. ఏ వీధిలో కందకం తవ్వాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఎవరు ఎవరికి సాయం వెళ్ళాలి, అంతా ఆయన గొంతే చెప్పేది. అరిచి అరిచి ఆ గొంతు బొంగురుపోయింది. చివరి ప్రసంగాల్లో ఒకదానిలో, తానూ తన తోటివాళ్ళూ గొప్ప వార్సా కోసం ప్లాన్లు వేసుకున్నామని, మంటల్లో ఉన్న ఈ క్షణాన ఆ వార్సా గొప్పదనం తన కళ్ళకు కనబడుతోందని చెప్పాడు. పట్టణ ప్రణాళికల మీద మక్కువ ఉన్న మేయరు కాబట్టి ప్లాన్ల మాట ఊరికే అన్నది కాదు. జర్మన్లు ఊరు పట్టుకున్న నెలలోనే ఆయన్ని అరెస్టు చేశారు. ఆ తర్వాత చంపేశారు.

ఆ సెప్టెంబరు 23న పోలిష్ రేడియోలో వ్లాదిస్లావ్ ష్పిల్‌మన్ అనే యువ పియానో విద్వాంసుడు షోపాన్ రచనలు వాయించాడు. బయట ఫిరంగి గుళ్ళు పడుతున్నాయి. అదే రోజు విద్యుత్ కేంద్రం దెబ్బతిని స్టేషను మూగబోయింది. ఆయన యూదుడు. తల్లిదండ్రులు, తోబుట్టువులు అంతా పోయి, తనొక్కడే శిథిలాల్లో దాక్కుని బతికాడు. చివరి వారాల్లో ఆయనకు రొట్టె తెచ్చి ఇచ్చి కాపాడింది ఒక జర్మన్ సైనికాధికారి, విల్మ్ హోసెన్‌ఫెల్డ్. 1945లో వార్సా రేడియో మళ్ళీ మొదలైనప్పుడు పియానో ముందు కూర్చున్నదీ ష్పిల్‌మనే. 2002లో వచ్చిన ‘ది పియానిస్ట్’ సినిమా ఆయన జీవితమే.

జర్మన్ల ఏలుబడిలో పోలండ్ వాళ్ళకు విశ్వవిద్యాలయం లేదు, పై చదువు లేదు. కోటను పూర్తిగా కూల్చాలని నిశ్చయించి, మొదటి చలికాలంలోనే దాని గోడలకు వేల కొద్దీ కన్నాలు తొలిచారు, డైనమైటు కూరడానికి. ఇదంతా కళ్ళారా చూస్తున్న వాళ్ళలో నేషనల్ మ్యూజియం డైరెక్టరు స్తనిస్లావ్ లోరెంత్స్ ఒకడు. ఆయన మనుషులు కోటలోంచి చెక్కడాలు, ద్వారబంధాల ముక్కలు, నిప్పుగూళ్ళ రాళ్ళు, గోడల మీది అలంకారాలు, చేతికందినవి అందినట్టు మోసుకుపోయి దాచారు.

వార్సా పాలిటెక్నిక్ వాస్తుశాఖ వాళ్ళది ఇంకో రకం దాపరికం. ఆ శాఖ విద్యార్థులు యుద్ధానికి ముందు ఏళ్ళ తరబడి పాత ఇళ్ళను టేపుతో కొలిచి గీసిన చిత్రాలు గుట్టలుగా ఉండేవి. ఆ పని మొదలుపెట్టించిన ఆచార్యుడు ఓస్కార్ సోస్నోవ్‌స్కీ 1939 ముట్టడిలోనే గాయపడి చనిపోయాడు. మిగిలిన వాళ్ళు చాటుగా పాఠాలు చెబుతూ, ఊరి వీధులు, ముఖద్వారాలు కొలుస్తూనే పోయారు. 1944 చివర్లో, ఊరు తగలబడుతుండగానే, ఆ కాగితాలను బయటకు తరలించి పియోత్ర్‌కూఫ్ పట్టణంలోని ఒక మఠంలో దాచారు. వార్సా పునర్నిర్మాణం నిజానికి అప్పుడే మొదలైంది. ఊరు ఇంకా పూర్తిగా కూలక ముందే.

అదే కాలంలో ఊరి మధ్యలో మరో దారుణం జరుగుతోంది. 1940 నవంబరులో జర్మన్లు యూదులున్న పేట చుట్టూ గోడ కట్టి మూసేశారు. అదే గెట్టో. మూడున్నర చదరపు కిలోమీటర్లలోపు జాగాలో నాలుగు లక్షల మందికి పైగా మనుషులు. ఆకలి, టైఫస్ జ్వరం రోజూ ప్రాణాలు తీసేవి. ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు లోపల ఒక రహస్య బృందాన్ని కూడగట్టాడు. డైరీలు, రేషన్ కార్డులు, గోడ ప్రకటనలు, పిల్లలు రాసిన వ్యాసాలు, మిఠాయి చుట్టిన కాగితాలు సైతం పోగుచేసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి భూమిలో పాతారు. యుద్ధం తర్వాత 1946లో ఒక భాగం, 1950లో మరో భాగం తవ్వి తీశారు. మూడోది ఇప్పటిదాకా దొరకలేదు. రింగెల్‌బ్లూమ్ మాత్రం బతికి బయటపడలేదు.

ఆ గెట్టోలో ఒక అనాథ శరణాలయం. దాన్ని నడిపినవాడు పిల్లల వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్. 1942 జులై 18న అక్కడి పిల్లలు ఒక నాటకం వేశారు. అది రవీంద్రనాథ్ టాగోర్ ‘డాక్ ఘర్’. మంచం దిగలేని అమల్ అనే కుర్రవాడు కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. చావును భయపడకుండా ఎదుర్కోవడం పిల్లలకు అలవడాలనే ఈ నాటకం ఎంచుకున్నానని ఆయన అన్నట్టు చెబుతారు. నాలుగు రోజులకే గెట్టో జనాన్ని త్రెబ్లింకా మరణ శిబిరానికి తోలడం మొదలైంది. రెండు నెలల్లో రెండున్నర లక్షల మందికి పైగా పోయారు. తప్పించుకునే అవకాశం ఇస్తామన్నా కోర్చాక్ ఒప్పుకోలేదు. ఆగస్టు మొదటి వారంలో, దాదాపు రెండు వందల మంది పిల్లల వెంట తానూ రైలెక్కాడు.

మిగిలిన వాళ్ళలో కుర్రకారు 1943 ఏప్రిల్ 19న పిస్తోళ్ళు, ఇంట్లో చేసుకున్న బాంబులతో తిరగబడ్డారు. దాదాపు నెల రోజులు పోరాడారు. జర్మన్లు ఇల్లిల్లూ తగలబెట్టి, మే 16న పెద్ద యూదు ప్రార్థనాలయాన్ని పేల్చేసి, పని పూర్తయిందని పై అధికారులకు నివేదిక పంపారు.

1944 ఆగస్టు 1, సాయంత్రం ఐదు గంటలు. ఈసారి ఊరంతా లేచింది. హోం ఆర్మీ అనే పోలండ్ రహస్య సైన్యం తిరుగుబాటు ప్రకటించింది. సోవియట్ సేనలు తూర్పు నుంచి దగ్గరకొచ్చాయి. నాలుగైదు రోజులు నిలబడితే చాలనుకున్నారు. 63 రోజులు నిలబడ్డారు. పేటకూ పేటకూ మధ్య వీధుల్లో నడవలేక, నడుము లోతు మురుగులో, భూగర్భ కాలువల గుండా రాకపోకలు సాగించారు. మొదటి వారంలోనే వోలా పేటలో జర్మన్లు పదుల వేల మంది మామూలు జనాన్ని ఇళ్ళలోంచి లాగి కాల్చేశారు. సెప్టెంబరు మధ్యలో సోవియట్ సైన్యం ప్రాగాకు చేరింది, కానీ నది దాటి పట్టణానికి అండగా రాలేదు. అలిసిపోయి ఆగారా, కావాలని ఆగారా అన్న వాదన నేటికీ తెగలేదు. అక్టోబరు 2న తిరుగుబాటుదారులు లొంగిపోయే నాటికి చనిపోయిన పౌరులు లక్షన్నర పైమాటే.

దానితో అయిపోలేదు. బతికున్న వాళ్ళందరినీ ఊరి నుంచి వెళ్ళగొట్టారు. ఖాళీ ఊరిని నేలమట్టం చెయ్యమని హిట్లర్, హిమ్లర్‌ల ఆజ్ఞ. అందుకోసమే ప్రత్యేక దళాలు. ఒక వీధి తగలబెట్టడం, గోడల మీద ఇంటి నంబరు, పేల్చవలసిన తేదీ రాయడం, తర్వాత డైనమైటు పెట్టడం. గ్రంథాలయాలు, పత్రాల భాండాగారాలు ముందు. ఐదేళ్ళ కిందట తొలిచిన కన్నాల్లో ఇప్పుడు మందు కూరి కోటను పేల్చారు. సిగిస్మండ్ స్తంభం సెప్టెంబరు మొదట్లోనే ఒరిగిపోయింది. రాజు విగ్రహం కింద పడింది, కత్తి విరిగింది. 1945 జనవరి 17న సోవియట్, పోలిష్ సేనలు లోపలికి వచ్చేసరికి ఎడమ ఒడ్డున నూటికి ఎనభై ఐదు భవనాలు పోయాయి. మొత్తం యుద్ధంలో ఈ ఒక్క ఊరు పోగొట్టుకున్న మనుషులు ఆరు లక్షలకు పైగా.

రాజధానిని వూజ్ నగరానికి మార్చేద్దామన్న మాట అప్పట్లో గట్టిగానే వచ్చింది. శిథిలాలను యుద్ధానికి సాక్ష్యంగా అలాగే వదిలేద్దామన్న వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాదన తేలకముందే జనం తేల్చేశారు. ప్రభుత్వం ఆలోచిస్తుండగానే మంచు మీద కాలినడకన, బళ్ళ మీద వేలకు వేలుగా తిరిగి వచ్చి, మిగిలిన ఒక గదిలోనో, మెట్ల కిందనో కాపురం పెట్టారు. ఫిబ్రవరిలో రాజధాని పునర్నిర్మాణ కార్యాలయం ఏర్పడింది. పోలిష్ భాషలో దాన్ని క్లుప్తంగా బొస్ అంటారు. అందులో చారిత్రక కట్టడాల విభాగానికి పెద్ద యాన్ జఖ్వాతోవిచ్. మఠంలో దాచిన కాగితాల సంగతి తెలిసిన ఆచార్యుడాయన. ఒక జాతిని తుడిచిపెట్టడానికి దాని కట్టడాలను పనిగట్టుకుని కూల్చినప్పుడు, వాటిని తిరిగి కట్టడం హక్కే కాదు, బాధ్యత కూడా అని ఆయన వాదన. పాత కట్టడం కూలితే శిథిలాన్ని భద్రపరచాలి తప్ప నకలు కట్టకూడదని అప్పటిదాకా యూరప్ పండితులు నమ్మిన సూత్రం. దాన్ని ఆయన తెలిసే పక్కన పెట్టాడు.

దాచిన కొలతల చిత్రాలు బయటికి వచ్చాయి. జర్మన్లు పట్టుకుపోయిన బెల్లొట్టో పటాలూ తిరిగొచ్చాయి. కొలతలు లేని చోట పటం చూసి, పటం లేని చోట పాత ఫొటో చూసి, రాళ్ళ గుట్టల్లో దొరికిన చెక్కడం ముక్కను మళ్ళీ దాని చోటనే గోడలో అమర్చి కట్టుకుంటూ వచ్చారు. ఇటుకలు చాలక, అప్పుడే జర్మనీ నుంచి పోలండ్‌కు వచ్చిన వ్రోత్స్‌వాఫ్, ష్చెచిన్ వంటి పడమటి ఊళ్ళ ఇళ్ళను విప్పి రైళ్ళలో తెచ్చారు. అంటే ఒక ఊరు లేవడానికి ఇంకో ఊరు ఇటుకలు అప్పిచ్చింది. ఆ ఊళ్ళ వాళ్ళకు ఈ కోపం చాలాకాలం ఉంది. దేశమంతటా జీతాల్లోంచి రాజధాని నిధికి చందాలు పోయాయి. 1949లో సిగిస్మండ్ కొత్త స్తంభం మీద తిరిగి నిలబడ్డాడు. పాత స్తంభం ముక్కలు ఇవాళ్టికీ కోట పక్కన నేల మీద పడుకోబెట్టి ఉన్నాయి. 1953 జులై 22న పాత పట్నం బజారు కూడలిని జనానికి తెరిచారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. తిరిగి కట్టింది 1939 నాటి పాత పట్నాన్ని కాదు. బయటి ముఖాలు పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలవి. లోపల స్నానాల గదులు, వేడి గొట్టాలు ఉన్న కొత్త ఫ్లాట్లు. పెరట్లలో ఒకప్పుడు కిక్కిరిసిన ఇరుకు ఇళ్ళను కట్టలేదు, గాలీ వెలుతురూ రావడానికి. సెయింట్ జాన్ కెథీడ్రల్ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. యుద్ధానికి ముందు దాని ముఖం పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు పద్ధతిలో మార్చినది. జఖ్వాతోవిచ్ దాన్ని వదిలేసి, మధ్యయుగంలో ఇలా ఉండి ఉండాలని తను తేల్చుకున్న గోతిక్ ఇటుక ముఖం కట్టించాడు. ఆ ముఖాన్ని 1939లో ఎవరూ చూసి ఉండరు. కాగితాల్లో ఊరు బతికిందన్నామే, ఏ కాగితం తియ్యాలో నిర్ణయించింది మాత్రం మనుషులే.

ఆ నిర్ణయాల్లో అన్నీ మంచివి కావు. 1945 అక్టోబరులో దేశాధినేత బొలెస్లావ్ బియెరుత్ పేరు మీద వచ్చిన ఒక శాసనం పాత నగర హద్దుల్లోని భూమినంతా నగర పాలనకు అప్పగించింది. అది లేకపోతే ఇంత వేగంగా కట్టడం కుదిరేది కాదు. అదే శాసనం వేల కుటుంబాల చేతుల్లోంచి ఇళ్ళ స్థలాలు లాక్కుంది. ఆ దావాలు ఎనభై ఏళ్ళయినా సాగుతూనే ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు అద్దె మేడలను పెట్టుబడిదారీ గుర్తులని చిన్నచూపు చూసి, నిలబెట్టగలిగిన వాటిని కూడా చాలావరకు కూల్చారు.

గెట్టో ఉన్న మురానూఫ్ పేటనైతే పాత రూపంలో తిరిగి కట్టనే లేదు. అక్కడి రాళ్ళ గుట్టలు తొలగించడానికి వీలులేనంత పెద్దవి. వాస్తుశిల్పి బొహ్దాన్ లాహెర్ట్ వాటిని దిమ్మెలుగా సర్ది, ఆ ఇటుక పొడినే కాంక్రీటులో కలిపి, పైన కార్మికుల కోసం కొత్త ఇళ్ళు వేశాడు. ఇవాళ ఆ వీధిలో నడిస్తే రోడ్డు కంటే ఎత్తున ఉన్న ఇంటి వాకిట్లోకి మెట్లెక్కి పోవాలి. ఆ మెట్ల కింద ఉన్నది పాత ఊరు. యుద్ధానికి ముందు కట్టి, నేటికీ ప్రార్థనలు జరిగే యూదుల ఆలయం నగరం మొత్తంలో ఒకటే మిగిలింది, నోజిక్ ఆలయం. మూడోవంతు జనం పోయాక, వాళ్ళ పేటకు పాత రూపం ఇవ్వండని అడిగే వాళ్ళూ లేకపోయారు. 1948లో అక్కడ గెట్టో వీరుల స్మారకం మాత్రం లేచింది. 1970 డిసెంబరులో పశ్చిమ జర్మనీ చాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకరిల్లింది దాని ముందే.

కోట కథ ఇంకా ఆలస్యం. రాజుల కోట కట్టడానికి యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి మనసొప్పలేదు. ఆ చోటు పాతికేళ్ళు ఖాళీగానే పడి ఉంది. ఈలోగా, 1952–55 మధ్య, సోవియట్ కానుకగా సాంస్కృతిక విజ్ఞాన భవనం లేచింది. శిఖరంతో కలిపి ఎత్తు 237 మీటర్లు. ఊళ్ళో అందమైన దృశ్యం ఎక్కడి నుంచి కనిపిస్తుందంటే, ఆ భవనం పై అంతస్తు నుంచేనని, ఎందుకంటే అక్కడి నుంచైతే ఆ భవనం కనిపించదని వార్సా వాళ్ళ పాత హాస్యం. 1971లో కోటకు అనుమతి వచ్చింది. ప్రభుత్వం డబ్బు పెట్టలేదు. దేశంలోనూ విదేశాల్లోనూ ఉన్న పోలండ్ వాళ్ళు చందాలు వేశారు, ఊరి జనం పని చేశారు. లోరెంత్స్ మనుషులు ముప్ఫై ఏళ్ళు దాచిన ముక్కలు గోడల్లోకి తిరిగి చేరాయి. 1939 సెప్టెంబరు 17న మంటల్లో కోట గడియారం పదకొండుంబావుకు ఆగిపోయింది. 1974 జులైలో దాన్ని మళ్ళీ నడిపించింది పదకొండుంబావుకే. 1984లో కోటలోకి జనాన్ని రానిచ్చారు.

1989లో ఈ ఊళ్ళోనే ఆ ప్రభుత్వం, దాన్ని ఎదిరించిన సాలిడారిటీ ఉద్యమం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎన్నికలకు ఒప్పుకున్నాయి. ఆ తర్వాతి వార్సా గాజు మేడలది, 1995లో మొదలైన మెట్రోది. సాంస్కృతిక భవనాన్ని కూల్చాలన్న వాళ్ళున్నా 2007లో దాన్ని కూడా వారసత్వ కట్టడాల్లో చేర్చారు. ఏటా ఆగస్టు 1 సాయంత్రం ఐదింటికి సైరన్లు మోగుతాయి. బస్సులు, కార్లు, నడిచేవాళ్ళు ఒక నిమిషం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు.

1980లో యునెస్కో వార్సా పాత పట్నాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికి ఆ ఇళ్ళ వయసు ముప్ఫై ఏళ్ళు దాటలేదు. పాతదనానికి కాదు, దాదాపు అంతా కూలిన చోట అంత శ్రద్ధగా తిరిగి కట్టినందుకు ఇచ్చిన గౌరవమది. 2011లో ఆ పునర్నిర్మాణ కార్యాలయం కాగితాలనే ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు. 2018లో, సిరియా, ఇరాక్ యుద్ధాల్లో పాత ఊళ్ళు నేలకూలిన వేళ, యుద్ధానంతర పునర్నిర్మాణం ఎలా ఉండాలన్న మార్గసూత్రాలు రాయడానికి నిపుణులు సమావేశమైంది కూడా వార్సాలోనే. వాటికి వార్సా సిఫార్సులనే పేరు పడింది.

ఈ కథలో వీరులు చాలామంది ఉన్నారు. ఊరి ప్రాణం నిలిపిన వాళ్ళలో నేను ముందు లెక్కపెట్టేది మాత్రం టేపు పట్టుకుని కిటికీలు కొలిచిన ఆ విద్యార్థులను, పాల క్యాన్లలో డైరీలు పాతిన వాళ్ళను. ఆ ఊరికి ఇటుకలు ఎక్కడి నుంచో వచ్చాయి. కాగితాలు మాత్రం అక్కడివాళ్ళు దాచుకుంటేనే ఉన్నాయి. మురానూఫ్‌లో కాగితాలు దొరికినా అడిగేందుకు మనుషులు మిగల్లేదు. ఊరు తిరిగి లేవాలంటే రెండూ ఉండాలని వార్సా రెండు విధాలా రుజువు చేసింది.